అతిన్స్‌లో గోంగూర

పక్కింటి పెద్దావిడ పెరట్లో కోసి చేతిలో పెట్టిన కట్ట చూసి కాసేపు నోట మాట రాలేదు. ఎర్ర కాడలు, నాలిక జివ్వుమనే పులుపు. సాక్షాత్తూ గోంగూరే!

ఇక్కడ బ్రెజిల్‌లోని మరాన్యావ్ రాష్ట్రంలో దీన్ని వినగ్రేయిర అంటారు. నువ్వులు, ఎండు రొయ్యలు, కర్రపెండలం పిండి వేసి 'కుషా' చేసి అన్నంతో తింటారు. ఎండు రొయ్యల గోంగూర మనకు కొత్తా చెప్పండి!

మా ఊరు అతిన్స్ రావాలంటే బరేరిన్యాస్ పట్టణం నుంచి ఇసుకలో ఫోర్ బై ఫోర్ ఎక్కి ఒళ్ళు హూనం చేసుకోవాలి, లేదంటే ప్రెగిసాస్ నదిలో పడవ. సీపీఎఫ్ నంబర్ (మన పాన్ లాంటిది) చేతికొచ్చేదాకా బ్యాంకు ఖాతా లేదు. అది లేక పిక్స్ (మన యూపీఐ లాంటిది) లేదు. కొబ్బరిబొండాల అతను కూడా పిక్స్ చేయమనేవాడు. ఫెడరల్ పోలీసుల దగ్గర 90 రోజుల్లోపు నమోదు కావాలన్న టెన్షన్ వేరే. ఎవరైనా సముద్రం ఫోటోలు చూసి వచ్చేస్తామంటే ముందు ఇవన్నీ చెబుతాను.

ఇవాళ ఆవిడ నువ్వులు దంచుతుంటే నేను ఎండుమిరపకాయలు వేయించాను. ఘాటుకు దగ్గుతూ నన్నేదో అంది. నా పోర్చుగీసుకు అందలేదు కానీ, పొగడ్త మాత్రం కాదు.

తర్వాత పచ్చి ఉల్లిపాయ నంజుకోమని ఇచ్చాను. ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టేసింది.