మాంద్యం మా అరువు పుస్తకంలో ముందే కనబడింది

పాలకొల్లు నుంచి నరసాపురం వైపు వెళ్లే దారిలో కాలువ గట్టునున్న ఓ ఊళ్లో మాకు కిరాణా కొట్టు ఉంది. నాన్న పెట్టిన కొట్టు, ఇప్పుడు నేనూ మా ఆవిడా చూసుకుంటున్నాం. 2025 ఆఖరి ఈ రెండు మూడు నెలలుగా కొట్టుకొచ్చిన వాళ్లలో సగం మంది ఒకటే అడుగుతున్నారు, "మాంద్యం వస్తదంటున్నారు, నిజమేనాండీ?" అని. ఫోన్లో వీడియోలు చూసి భయపడేవాళ్లు కొందరు, అమెరికాలో ఉన్న కొడుకు ఉద్యోగం పోతుందేమోనని భయపడేవాళ్లు కొందరు, రొయ్యల చెరువు వేసి అప్పులో మునిగి భయపడేవాళ్లు ఇంకొందరు. మొన్న వరసకు పిన్ని అయ్యే ఓ పెద్దావిడ వచ్చి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, "బ్యాంకులో ఉన్న మూడు లక్షలూ తీసేసి బంగారం కొనేయమంటావా బాబూ?" అని అడిగింది. పది గ్రాములు లక్షా ముప్పై వేలు దాటిన బంగారాన్ని భయంతో కొనొద్దని చెప్పాను. బ్యాంకులో వేసుకున్న డబ్బుకి 5 లక్షల దాకా బీమా ఉంటుందని, 2020 ఫిబ్రవరిలోనే దాన్ని లక్ష నుంచి 5 లక్షలకు పెంచారని చెప్పాక ఆవిడ కాస్త కుదుటపడింది.

అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

2025 ఆఖరికి దేశం లెక్క చూస్తే మాంద్యం లేదు. వరసగా రెండు త్రైమాసికాలు దేశం ఉత్పత్తి తగ్గితే మామూలుగా మాంద్యం అంటారు. మనకు అది 2020లో వచ్చింది, లాక్‌డౌన్ పెట్టిన ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో జీడీపీ 23.9 శాతం పడిపోయిందని అప్పట్లో చెప్పారు, తర్వాతి మూడు నెలలూ తగ్గుదలే. ఈ 2025 జూలై-సెప్టెంబర్‌లో మాత్రం 8.2 శాతం పెరిగిందని నవంబర్ ఆఖర్లో ప్రకటించారు. పేపర్లో ఆ వార్త చదివిన రోజు సాయంత్రమే అరువు పుస్తకం తీసి లెక్క చూసుకున్నాను. బయట ఉండిపోయిన బాకీ నిరుటి నవంబర్‌తో పోలిస్తే రెట్టింపు దాకా ఉంది. రెండు లెక్కలూ నిజమే. దేశం మొత్తానికి కట్టిన లెక్కలో మా మండలం చాలా చిన్నది, అందులోనూ రొయ్యల మీద బతికే వీధి ఇంకా చిన్నది.

మాది ఎర్ర అట్ట వేసిన పొడుగు పుస్తకం, ఇంటికో పేజీ. అందులో ఒక అక్క పేజీ గురించి చెబుతాను, పేరు రాయను. ఆవిడ రొయ్యలు శుభ్రం చేసే షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. తెల్లవారుజామునే వ్యాన్ వచ్చి ఎక్కించుకెళ్తుంది, ఎంత రొయ్య ఒలిస్తే అంత కూలి. మార్చి దాకా ఆవిడ పేజీలో ప్రతి శనివారం 'జమ' అని ఉంది. ఏప్రిల్‌లో రెండు శనివారాలు జమ లేదు, తర్వాత మళ్లీ మామూలే. సెప్టెంబర్ నుంచి జమ నెలకోసారికి వచ్చింది. సరుకు కూడా మారింది. లీటరు నూనె ప్యాకెట్టు అర లీటరైంది, అర కేజీ కందిపప్పు పావు కేజీకి వచ్చింది, పిల్లాడి బిస్కెట్ ప్యాకెట్టు అక్టోబర్ మొదటి వారం తర్వాత ఆ పేజీలో ఇక లేదు. వ్యాన్ వారానికి మూడు రోజులే వస్తోందని ఆవిడే చెప్పింది. "చెరువుల్లో సరుకు లేదంట తమ్ముడూ, ఉన్నోళ్లు కూడా రొయ్య పట్టట్లేదంట" అంది.

ఏప్రిల్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 2న అమెరికా మన దేశం సరుకు మీద 26 శాతం సుంకం అని ప్రకటించింది. వారం తిరక్కుండా 9వ తేదీన దాన్ని 90 రోజులు ఆపింది, పది శాతం మాత్రమే ఉంచింది. ఆ వారం రోజుల్లోనే ఇక్కడ రొయ్య ధర కిలోకి ముప్పై నలభై రూపాయలు పడిపోయింది. ఒక్క కంటైనర్ మీద కూడా ఇంకా 26 శాతం కట్టలేదు, కట్టాల్సి వస్తుందేమోనన్న భయానికే ధర పడింది. ధర పడగానే ఇంకా పడుతుందని అందరూ ఒక్కసారిగా వలలు దించారు, రొయ్య పూర్తిగా ఎదగకముందే పట్టేశారు, ఆ సరుకంతా ఒకేసారి ఏజెంట్ల మీద పడేసరికి ధర ఇంకా దిగింది. ఏప్రిల్‌లో ఆ అక్క పేజీలో రెండు శనివారాలు ఖాళీగా ఉన్నవి ఆ గందరగోళంలోవే.

తర్వాత నిజం దెబ్బ తగిలింది. 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25, మొత్తం 50 అయింది. మన రొయ్య మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వేలింగ్ (ప్రభుత్వ రాయితీతో అమ్ముతున్నారని వేసేది) సుంకాలు దీనికి అదనం. సుంకం కట్టేది అక్కడ కొనుక్కునే దిగుమతిదారు కదా, మనకేంటి అని ఒకాయన నన్నడిగాడు. కాగితం మీద కట్టేది ఆయనే. కానీ ఆయన ఆ భారం మోయలేక మన ఎగుమతిదారుని ధర తగ్గించమంటాడు, లేకపోతే ఈక్వెడార్ రొయ్య కొనుక్కుంటాడు. ఎగుమతిదారు ప్లాంటుకి, ప్లాంటు ఏజెంటుకి, ఏజెంటు రైతుకి తగ్గిస్తాడు. రైతు ఎవరికి తగ్గిస్తాడు? మేత కొట్టువాడు తగ్గించడు, డీజిల్ తగ్గదు. మేతకి బాకీ పడతాడు, పాలేరుకి జీతం ఆలస్యం చేస్తాడు, వచ్చే పంటకి సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వేయడం మానేస్తాడు. చెరువు ఎండబెట్టి వదిలేస్తే షెడ్డుకి సరుకు పోదు, వ్యాన్ రాదు. వాషింగ్టన్‌లో పెట్టిన సంతకం అలా ఒక్కో చెయ్యీ దిగుతూ మా పొడుగు పుస్తకంలో పావు కేజీ కందిపప్పు దగ్గరికొచ్చి ఆగింది.

ఆ పైన అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను మా నరసాపురం దగ్గరే తీరం దాటింది. కరెంటు పోయి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, జనరేటర్లకు డీజిల్ కోసం తిరిగిన ఆ రాత్రి గురించి ఇంకోసారి రాస్తాను.

ఇప్పుడు ప్రభుత్వాలు చేసిన సాయం సంగతి. ఏమీ చేయలేదని నేను అనను, అది అబద్ధం. సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గించారు. సబ్బులు, షాంపూ, టూత్‌పేస్ట్, తలనూనె మీద 18 శాతం ఉన్నది 5 అయింది, బిస్కెట్లు కూడా 5లోకి వచ్చాయి. నవంబర్ 12న కేంద్ర మంత్రివర్గం ఎగుమతుల ప్రోత్సాహానికి రూ.25,060 కోట్ల పథకం ఒకటి, ఎగుమతిదారుల రుణాలకు రూ.20,000 కోట్ల దాకా గ్యారంటీ ఒకటి ఆమోదించింది. రెండు రోజులకి రిజర్వు బ్యాంకు, దెబ్బతిన్న ఎగుమతి రంగాల వాళ్లు సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 మధ్య కట్టాల్సిన వాయిదాలు వెనక్కి జరుపుకోవచ్చని చెప్పింది, ఆ జాబితాలో రొయ్యలు కూడా ఉన్నాయి. ఇవన్నీ కావాల్సినవే. ఎగుమతిదారు మునిగితే రైతు ముందే మునుగుతాడు.

కానీ ఇవి ఎక్కడిదాకా వస్తాయో కొట్టులో కూర్చుంటే తెలుస్తుంది. జీఎస్టీ తగ్గిన వారం పాత ధర ముద్రించిన సరుకు నా దగ్గర రెండు అరల నిండా ఉంది, కొత్త ధరకే అమ్మాను, ఆ తేడా కొంత డిస్ట్రిబ్యూటర్ ఇచ్చాడు, కొంత నేనే భరించాను. పెద్ద ప్యాకెట్లు కొనేవాళ్లకి నిజంగానే తేడా తెలిసింది, ఓ మాస్టారు నెల సరుకు బిల్లు చూసి సంతోషపడ్డారు. ఐదు రూపాయల బిస్కెట్, రెండు రూపాయల షాంపూ కొనేవాళ్లకి ధర అదే, కొన్నింట్లో బరువు కాస్త పెరిగింది. ఇక నూనె మీద ముందు నుంచీ ఉన్నది 5 శాతమే. ఆ షెడ్డు అక్క కొనే సరుకులో జీఎస్టీ వల్ల మిగిలిన డబ్బు లెక్క కడితే నెలకి ఒక పూట కూరకి కూడా రాదు.

వాయిదాల సంగతి చూడండి. బ్యాంకులో ఎగుమతి రుణం ఉన్నవాడికి వాయిదా వెనక్కి జరిగింది. మా పక్క చెరువులు చేసేవాళ్లలో ఎక్కువమంది లీజు రైతులు. పాస్‌బుక్కు భూమి యజమాని పేరున ఉంటుంది, ఆయన హైదరాబాద్‌లోనో ఇంకా దూరానో ఉంటాడు. లీజు మాట నోటితో అయిపోతుంది. పెట్టుబడి నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు మీద తెస్తారు, మేత అరువు, సీడ్ అరువు, పట్టుబడి అయ్యాక ఏజెంటు తన బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెడతాడు. ఈ మొత్తంలో ఏ బ్యాంకు వాయిదా జరపాలి? ఏ గ్యారంటీ ఎవరికివ్వాలి? తలలు తీసే అక్కకైతే నోటు కూడా లేదు, మేస్త్రీ ఫోన్ నంబర్ ఒక్కటే ఉంది. సాయం కాగితం ఉన్నవాళ్ల దాకా వచ్చి ఆగిపోతోంది, నష్టం మాత్రం కాగితం లేనివాళ్ల దాకా దిగుతోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇది ఇప్పుడే మొదలవలేదు. 2008 సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ కుప్పకూలినప్పుడు నేను ఇంకా చదువుకుంటున్నాను. ఎక్కడో న్యూయార్క్‌లో బ్యాంకు పోతే మనకేంటి అనుకున్నాను. ఆ చలికాలంలో మా వీధి అరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్ల చేతుల్లో పని తగ్గింది. నరసాపురం లేసు వెళ్లేది అమెరికా, యూరప్‌లకే కదా. ఆర్డర్ లేదని ఏజెంటు దారపు ఉండలు ఇవ్వడం మానేశాడు, పుస్తకంలో బాకీలు పెరిగాయి. నాన్న పాత పుస్తకాలు పారేయలేదు, అటక మీద ఉన్నాయి, ఈమధ్యే దింపి చూశాను. అమెరికా తన బ్యాంకులను నిలబెట్టడానికి 70,000 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. మన దగ్గర డిసెంబర్‌లో ఎక్సైజ్ సుంకం 4 శాతం తగ్గించారు. అదే ఏడాది బడ్జెట్‌లో చెప్పిన రైతు రుణమాఫీ పెద్ద సంగతే, చాలా ఇళ్లు నిలబడ్డాయి, కానీ మాఫీ అయింది బ్యాంకు అప్పే. భూమి కౌలుకి చేసి వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చుకున్నవాడి అప్పు అలాగే ఉండిపోయింది. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని వేల ఎకరాలు వరి వేయకుండా వదిలేసి క్రాప్ హాలిడే చేసినప్పుడు కూడా కూలికెళ్లేవాళ్లని అడిగిన నాథుడు లేడు.

మా పుస్తకంలో నేరుగా కనిపించిన సాయం ఒక్కసారే ఉంది, 2020లో. మనిషికి నెలకి 5 కేజీల ఉచిత బియ్యం, జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకి నెలకి 500 చొప్పున మూడు నెలలు, ఏప్రిల్‌లో రాష్ట్రం ఇంటింటికీ పంపిన వెయ్యి రూపాయలు. చిన్న మొత్తాలే. కానీ ఆ 500 పడ్డ వారం పుస్తకంలో వరసగా జమలు ఉన్నాయి, ఆ జమతో నేను హోల్‌సేల్ వాడికి కట్టగలిగాను, అతను మళ్లీ సరుకు పంపాడు. కేంద్రం అప్పుడు ప్రకటించిన రూ.20 లక్షల కోట్ల ప్యాకేజీలో ఎక్కువ భాగం రుణాలూ గ్యారంటీలూ కాబట్టి అది మా వీధికి చాలా నెమ్మదిగా వచ్చింది. అదే ఏడాది డాలస్‌లో ఉన్న మా మేనల్లుడి ఖాతాలో 1,200 డాలర్లు పడ్డాయి, దరఖాస్తు కూడా పెట్టలేదు. అక్కడ జనం చేతిలో డబ్బు ఉండబట్టి 2021లో రొయ్యలు బాగా కొన్నారు, ఇక్కడ చెరువులకి మంచి రేటొచ్చింది. వాళ్లకి అందిన సాయంలో కొంత మా షెడ్డు అక్కల శనివారం జమగా మారింది. కాబట్టి సామాన్యుడి చేతిలో వేసిన డబ్బు వృథా అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఇప్పుడు చేయగలిగిన పని మా కళ్లెదుటే ఉంది. నక్కల డ్రెయిన్, కాజ డ్రెయిన్ గుర్రపుడెక్కతో పూడుకుపోయి ఉన్నాయి, తుఫాను నీళ్లు చేలల్లో నిలిచిపోవడానికి అదొక కారణం. షెడ్డు పని పోయినవాళ్లకి ఉపాధి హామీ కింద ఆ పని ఇచ్చి, వారానికి వారం కూలి ఖాతాలో వేస్తే చాలు. 1833 నాటి కరువు తర్వాత ఈ గోదావరి మీద ఆనకట్ట కట్టాలని కాటన్ దొర పట్టుబట్టాడు, 1852కి ధవళేశ్వరంలో అది పూర్తయింది, ఆ కాలువ నీళ్లే ఇప్పటికీ మా కొట్టు ముందు పారుతున్నాయి. అంత పని అడగడం లేదు, పూడిక తీయమంటున్నాం. లీజు రైతు పేరు రాయించుకోవడానికి యజమాని సంతకం కావాలన్న షరతు తీసేసి, చెరువు మీద ఎవరున్నారో ఊళ్లో కనుక్కుని రాసుకోవాలి. షెడ్డు అక్కల పేర్లు కూడా అలాగే. ఏ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో సచివాలయంలో తెలియక కాదు.

భయపడుతున్నవాళ్లకి నేను చెప్పేది కొంచెమే. వీడియో చూసి చెరువు పట్టేయకండి, పక్క చెరువు వాళ్లతో, ఏజెంటుతో మాట్లాడి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో) చూసుకుని నిర్ణయించండి. ఏప్రిల్‌లో తొందరపడి పట్టినవాళ్లకి ఏమైందో చూశాం. అమెరికా తర్వాత ఇంకో దేశం దొరకడానికి టైం పడుతుంది, ఆ టైం దాటించడానికి కొత్త అప్పు కన్నా పాత అప్పు వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవడం మేలు. ఇంట్లో బంగారం ఉంటే అమ్మకండి, తప్పనిసరైతే తాకట్టు బ్యాంకులోనే పెట్టండి.

సంక్రాంతికి బెల్లం ఆర్డరు ఈ వారంలోనే పెట్టాలి. ఏటా పాతిక దిమ్మలు తెప్పిస్తాను, అరిసెలకి మా ఊళ్లో అంతా పోతుంది. ఈసారి పదిహేను చాలేమో అని మా ఆవిడ అంది, రెండు రోజులు నేనూ అలాగే అనుకున్నాను. శనివారం షెడ్డు అక్క వచ్చి మూడొందలు జమ వేసి, "సంక్రాంతికి కేజీ బెల్లం పక్కన పెట్టండి, డబ్బు ఎలాగో ఇస్తాను" అంది. పేజీ కింద రాసుకున్నాను. ఆవిడ వెళ్లాక హోల్‌సేల్ అతనికి ఫోన్ చేసి పాతిక దిమ్మలే చెప్పాను.