నా కణాలే నా మోకాలికి

"గుజ్జు పోయిందమ్మా. ఆటలు బంద్ పెట్టి ఇంట్ల కూసో." హనుమకొండలో నేను మొదట కలిసిన కీళ్ల డాక్టరు నా ముఖం కూడా చూడకుండా అన్న మాట ఇది. నేను ప్రభుత్వ బడిలో పీఈటీని. ఆటలు బంద్ పెడితే నాకు మిగిలేదేంటి? ఆ మాట తలచుకుంటే ఈ రోజుకీ కోపం ఆగదు. పిల్లలకు కబడ్డీ నేర్పుతూ పడ్డప్పుడు తొడ ఎముక చివర ఒక్కచోట కార్టిలేజ్ (ఎముక చివరను కప్పి ఉండే నున్నటి పొర, ఆ డాక్టరు గుజ్జు అన్నది దీన్నే) ఊడింది, చుట్టూ అంతా బాగానే ఉంది. ఎమ్మారై రిపోర్టులో ఆ సంగతి రాసే ఉంది.

హైదరాబాదులో ఇంకో డాక్టరు ఓపిగ్గా విడమర్చి చెప్పారు. కార్టిలేజ్‌లో రక్తనాళాలు ఉండవు, అందుకే దెబ్బ తగిలితే చర్మంలా దానంతట అది మానదు. బరువు పడని అంచు నుంచి చిన్న ముక్క తీసి, అందులోని కణాలను ల్యాబులో కొన్ని వారాలు పెంచి, రెండో ఆపరేషన్‌లో కార్టిలేజ్ ఊడిన గుంతలో పెడతారట. స్వీడన్ డాక్టర్లు 1994లోనే ఈ పద్ధతి ఫలితాలు ప్రచురించారట. మా చుట్టాల్లో ఒకాయన మాత్రం "ల్యాబుల పెంచినయి ఒంట్ల పెట్టుకుంటరా?" అన్నాడు. అవి నా కణాలే కదా!

రెండు ఆపరేషన్లూ సాఫీగానే అయ్యాయి. భయమంతా ఇంటికొచ్చాక ఒక రాత్రి. బయట ఒకటే వాన. ఒళ్లు కాలిపోతోంది, మోకాలు ఉబ్బి ఎర్రబడింది. చీము పట్టిందేమో, పెట్టిన కణాలన్నీ చచ్చిపోయాయేమో అని ఒకటే ఏడుపు. జండూబామ్ రాద్దామని ఎవరో అంటే మా అత్తమ్మ ముట్టుకోనివ్వలేదు. "డాక్టర్ చెప్పేదాక ఎవ్వరు చెయ్యి పెట్టద్దు" అని నా పాదం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అర్ధరాత్రి దాటాక, నాకు వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు ఫోనెత్తాడు. పిక్క నొస్తోందా, ఆయాసం ఉందా, కుట్ల దగ్గర కారుతోందా అని అడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లమన్నాడు. అక్కడ సూదితో నీరు తీసి పరీక్షకు పంపారు. ఇన్‌ఫెక్షన్ లేదని రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఆ ఫిజియో అన్న రుణం నేను తీర్చుకోలేను.

మోకాలు నొప్పి అనగానే ఈ వైద్యం కోసం పరుగెత్తకండి. వయసు మీద పడి కీలు మొత్తం అరిగినవాళ్లకు ఇది పనికిరాదు. దెబ్బ ఎక్కడుంది, ఎంత వెడల్పు, లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టే పట్టీలు) గట్టిగా ఉన్నాయా, కాలు తిన్నగా ఉందా అని డాక్టరును నిలదీసి అడగండి. ఆపరేషన్ అయ్యాక వారాల తరబడి ఆ కాలి మీద పూర్తి బరువు వేయకూడదు. చంక కర్రలతో బాత్రూముకు పోవడం నరకమే. అయినా వ్యాయామం ఒక్క పూట కూడా మానకండి, ఎందుకంటే కొత్త కార్టిలేజ్ గట్టిపడటానికి ఏడాదికి పైనే పడుతుంది.

నాకింకా పరుగుకు అనుమతి రాలేదు, నడక మాత్రం బాగుంది. మేడారం సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, మొక్కాను. బెల్లానికి అత్తమ్మ ఇప్పటినుంచే డబ్బులు దాస్తోంది. జాతరలో ఎంత దూరం నడవొచ్చో ఫిజియో అన్నను ముందే అడిగి పెట్టుకున్నాను.