పెట్టె సర్దింది అమ్మ

లండన్‌లో నేను చెప్పే హిస్టరీ క్లాసులో ఈ వారం కిండర్‌ట్రాన్స్‌పోర్ట్, అంటే పిల్లల తరలింపు గురించిన పాఠం. 1938 డిసెంబరు నుంచి 1939లో యుద్ధం మొదలయ్యేదాకా నాజీల గుప్పిట్లోంచి దాదాపు 10,000 మంది పిల్లలు బ్రిటన్ చేరారు. ఎక్కువమంది యూదులే. అమ్మానాన్నలు వెంట రావడానికి వీల్లేదు. మెడలో నంబరు కార్డు, చేతిలో చిన్న పెట్టె.

బల్ల మీద ఖాళీ సూట్‌కేసు పెట్టి, "మీరైతే ఏం సర్దుకుంటారు?" అని అడిగాను. ఫోన్, ఛార్జర్, షూస్ అంటున్నారు అందరూ. సిరియా నుంచి వచ్చిన అమ్మాయి మెల్లగా, "నేను సర్దలేదు మిస్, అమ్మ సర్దింది" అంది.

నిజమే. నేను అడగాల్సింది ఆ తల్లుల గురించి. వాళ్లలో చాలామంది తర్వాత నాజీల క్యాంపుల్లో చనిపోయారు. ఇంకేం చెప్పాలో తోచక కాసేపు ఆ పెట్టె పక్కనే నిలబడిపోయాను.