శాలువాలు 9, పేజీలు 11

ఆర్నెల్ల లెక్క ఇది. శాలువాలు 9. కొత్త పుస్తకానికి రాసిన పేజీలు 11, అందులో 3 మళ్లీ కొట్టేసినా. కడుపుమంట చల్లారకముందే రాస్తాండా, కాబట్టి మాట అటూ ఇటూ పోతే ఏమనుకోవద్దు.

నేను కడపలో గవర్నమెంటు బడిలో సోషల్ చెప్తా. కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలవ, దాని మీద ఐదేండ్లు తిరిగి రాసిన పుస్తకాన్ని సొంత డబ్బుతో 1000 కాపీలు ఏయించినా. డీటీపీ, ప్రింటింగ్ ఇవన్నీ నెల పని, పెద్ద కష్టమేం లేదు. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, గవర్నమెంటు సైట్లో ఊరికే ఇస్తారు, దానికి ఎవరైనా డబ్బులడిగితే ఇయ్యొద్దు, నేను తెలీక 2000 ఇచ్చినా. ఇంగ పోస్టు సంగతి, పుస్తకాలు తక్కువ చార్జీకి పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబర్లో ఎత్తేసినారు గదా, 2025 మే నుంచి దాని బదులు జ్ఞాన్ పోస్ట్ అని పెట్టినారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, టాక్సు వేరే. కౌంటర్లో ఆయన అట్లాంటిది లేదంటే లేచి రావద్దు, ఉందని చెప్పండి. మా దగ్గర నేనే నేర్పించినా.

అసలు కథ పుస్తకం ఇంటికొచ్చినాక మొదలైంది. షాపుకిస్తే 40 శాతం కమిషన్ అన్నారు, మిగిలింది ఎప్పుడిస్తారో దేవునికెరుక. అందుకని మనమే వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాల, మనమే సభలకు మోయాల. ఒకూర్లో సంస్థాయన 25 కాపీలు తెమ్మంటే ఎవురో కొంటారనుకుని మోసుకుపోయినా. స్టేజీ మీద పెద్దోళ్లందరికీ ఊరికే పంచేసి నాకొక శాలువా కప్పినాడు. బస్ చార్జీ మాటెత్తితే "మీరు రచయిత గదా సార్" అన్నాడు. రచయితైతే కండక్టర్ టికెట్ కొట్టడనుకున్నాడో ఏమో! ఒక మాట చెప్తా, సంతకం పెట్టి ఒక కాపీ ఇయ్యప్పా అని చేయి చాపేటోడు పుస్తకం చదవడు. ఇది రాసిపెట్టుకోండి.

అయినా దాచుకోవడమెందుకు, నాకు బాగుండింది. నా స్పీచ్ సరిగ్గా 12 నిమిషాలు. "ఈ కాలవ పైర్లకొక్కటే కాదు, పడవలు తిప్పాలని కూడా తవ్వినారు. 1863లో ఇంగ్లీషోళ్ల కంపెనీ ఒకటి మొదలుపెట్టె, నష్టాల్లో మునిగితే 1882లో సర్కారు కొనె" అని ఒక్క క్షణం ఆగి "ఎవురి డబ్బుతో?" అంటే చప్పట్లు. ఏ ఊర్లోనైనా అదే చోట చప్పట్లు. 640 కాపీలు అమ్మినా, సొంతంగా ఏసుకున్నోళ్లలో ఇన్ని అమ్మినోళ్లుంటే చెప్పండి చూద్దాం.

ఈలోపల కొత్త పుస్తకం మన సీమ చెరువుల మీద. మా జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది, 1369 నాటిది, వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పట్టిందని అందులోనే చెక్కినారు. అట్లాంటి చెరువు పక్కన పెట్టుకుని శాలువాలకు తిరుగుతాంటిమి.

బద్వేలు పక్క ఒక పల్లెలో నీరుగంటి పని, అంటే చెరువు నీళ్లు మళ్లకు పంచే పని, చేసిన పెద్దాయన ఉన్నాడని తెలిసి ఒక ఆదివారం పోయినా. ఎనభై దాటినాయి. మేకలకు రొట్ట ఏస్తా కూర్చోమన్నాడు. నేను ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి గట్టు మీద పెట్టినా. మాట్లాడతాంటే మధ్యలో ఫోన్ మోగె, ఆ వారం సభాయన, ఫ్లెక్సీలో నా ఫోటో ఏది పెట్టాల అని. పక్కకు పోయి పది నిమిషాలు మాట్లాడినా. తిరిగొచ్చేసరికి పెద్దాయన మేకల్ని తోలుకుని పోతాండాడు. "పనుండాది అయివారూ" అన్నాడు, అంతే. సరేలే, ఉన్న మాటలు చాలు అనుకుని సంతోషంగానే ఇంటికొచ్చినా.

రాత్రి ఇయర్ ఫోన్లు పెట్టుకుని రాసుకుందామని కూర్చుంటి. రికార్డింగ్ 46 నిమిషాలు. మొదట మేకల అరుపు, తర్వాత నా గొంతు. మళ్లీ నా గొంతు. ఆయన "ఆ కరువేడు దామాసా ఏసినప్పుడు మా నాయన తూము కాడ..." అని ఎత్తుకున్నాడు (దామాసా అంటే ఉన్న కొంచెం నీళ్లను వంతులేసి పంచడం), నేను వెంటనే "ఆ, దామాషా! కేసీ కెనాల్లో కూడా ఏమైందంటే పెద్దయ్యా..." అని అందుకున్నా. అందుకుని 1863 కాడి నుంచి మొదలుపెట్టినా. పడవలు చెప్పినా. కంపెనీ చెప్పినా. "ఎవురి డబ్బుతో?" అని ఆగినా గూడా! ఆ ఆగిన చోట మేక ఒకటి అరిచింది. దాని తర్వాత పెద్దాయన మెల్లగా, "నువ్వు అడగను వచ్చినావా అయివారూ, చెప్పను వచ్చినావా?" అన్నాడు. ఆ మాట ఎదురుగా కూర్చున్నోనికి నాకు వినపడలేదు. నేను నవ్వి, పుస్తకం తీసి చూపించి, 250 అయితే మీకు 200కిస్తానన్నా.

మళ్లీ విన్నా. వాచీ పెట్టుకుని లెక్కేసినా, ఆయన మాట్లాడింది మొత్తం 7 నిమిషాలు. తూము కాడ వాళ్ల నాయన ఏం చేసినాడో నాకు తెలీదు. ఐదేండ్లు కాలవగట్లెంబడి తిరిగినప్పుడు నేనిట్ల లేను. అప్పుడు జనం తిట్టినా వింటాంటి. మా ఇంటామె నా మొహం చూసి ఏమైందంటే ఇయర్ ఫోన్ ఒకటి ఆమె చెవిలో పెట్టినా. రెండు నిమిషాలు విని "ఇంట్లో గూడా ఇట్లనే ఉండావులే" అని పోయి పడుకుంది.

పోరుమామిళ్ల శాసనంలో చెరువుకు ఆరు దోషాలు రాసినారు. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఒకటి, నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం ఒకటి. ఆ రెండూ నాకే పట్టినాయి.

తర్వాత చేసిందేమీ గొప్ప కాదు. తెల్లారి నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఫోన్ బియ్యం డబ్బాలో. పుస్తకం పని అంటే పార్శిళ్లు, పోస్టులు, ఫోన్లు అన్నీ రెండో శనివారమే, మిగతా రోజుల్లో ఎవురడిగినా రెండో శనివారం మాట్లాడతానని చెప్తాండా, కొందరికి కోపమొచ్చింది, రానీ. చెరువు కాడికి పోయే రోజు సంచిలో పుస్తకం పెట్టుకోను. ఇది మాత్రం ఖాయం.

మొన్న ఆదివారం మళ్లీ ఆ పల్లెకు పోతే చెట్టు కింద పిల్లోడొకడు "పుస్తకాలమ్మే ఆయప్ప వచ్చినాడు తాతా" అని కేకేసినాడు. సిగ్గుతో సచ్చిపోయినా. పెద్దాయన ఏమీ అనకుండా నాతో రొట్ట మోయించినాడు. తర్వాత తనే లేచి కట్ట మీద తూము దాకా నడిపించి, ఎవురి మడికి ఎన్ని గడియలు, చెరువు నిండి మరవ పారిన ఏడు ఏం జరిగింది, అన్నీ చెప్పినాడు. గంటా పది నిమిషాల రికార్డింగ్. అందులో నేను "ఊ" తప్ప ఏం లేను.

బస్సెక్కేటప్పుడు ఆయనే అడిగినాడు, "ఆ పుస్తకం తెచ్చినావా? మా మనవడు చదువుతాడు. 150కిస్తావా?"

తేలేదు గదా. పోస్టులో పంపిస్తా, డబ్బులొద్దన్నా. రేపు పోస్టాఫీసుకు పోవల్ల. పిన్‌కోడ్ అడగడం మర్చిపోయినా.