ఆటలమ్మ టీకా

మా పాపకు పదిహేనో నెలలో ఆటలమ్మ టీకా వేయించాము. కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఇది లేదు కనుక, పిల్లల డాక్టరు గారి దగ్గర సొంత ఖర్చుతో వేయించుకోవలసిందే. ఆ ఖర్చు భరించలేని ఇళ్లలోని పిల్లలను తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

నా చిన్నతనంలో మా ఊళ్లో ఈ జబ్బు రాని పిల్లలు అరుదు. వేపాకులు పరిచిన పక్క మీద నన్ను పడుకోబెట్టి, పొక్కులు గోక్కోకుండా రాత్రంతా అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కూర్చోవడం ఇంకా గుర్తుంది. నుదుటి మీద చిన్న గుంట మచ్చ మిగిలింది. జబ్బు తగ్గినా వైరస్ నరాల మూలాల్లో దాగి ఉండి, వయసు మళ్లాక సర్పిగా బయటపడవచ్చునని, నాన్నగారికి నడుము చుట్టూ మంటతో పొక్కులు లేచినప్పుడే మాకు తెలిసింది.

జపాన్ వైద్యుడు మిచియాకి తకహాషి, తన కుమారుడు ఈ జబ్బుతో పడిన అవస్థ చూసి చలించి, వైరస్‌ను బలహీనపరచి 1974లో ఈ టీకాను రూపొందించారు. అమెరికాలో 1995 నుంచి పిల్లలందరికీ దీన్ని సిఫారసు చేస్తున్నారు.

పాపకు ఒక పూట జ్వరం, సూది గుచ్చిన చోట కాస్త ఎరుపు తప్ప మరే ఇబ్బందీ రాలేదు. ఒక్క డోసుతో రక్షణ పూర్తి కాదని డాక్టరు గారు చెప్పడంతో, రెండో డోసు తేదీని కార్డు మీద రాయించుకున్నాము.