రంగులతో పని లేని లెక్క: బ్లాక్‌జాక్ కౌంటింగ్ నేర్చుకున్న నా అనుభవం

కార్డ్ కౌంటింగ్ అనగానే పడిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకోవడం అనుకుంటారు చాలామంది. పదమూడు ముక్కలాటలో చెయ్యి తిరిగినవాళ్ళు మరీను. ఎవరు ఏది ఎత్తారు, ఇస్పేటు జాకీ పడిందా లేదా అని చూసి చూసి వాళ్ళకి అదే అలవాటు. బ్లాక్‌జాక్ అంటే చేతి ముక్కల మొత్తం 21 దాటకుండా దానికి దగ్గరగా తెచ్చి, ముక్కలు పంచే డీలర్‌ని ఓడించే కాసినో (జూదశాల) ఆట. అందులో అదేమీ అక్కర్లేదు. రంగులతో పని లేదు. మనసులో ఒకే ఒక్క అంకె పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ అంకె తెగిపోకుండా నిలబెట్టుకోవడమే విద్యంతా.

నేను అమలాపురంలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. సంభావ్యత పాఠంలో 'తీసిన కార్డును తిరిగి పెట్టకుండా' అనే మాట వస్తుంది కదా, నా ఆసక్తి అక్కడే మొదలైంది. సంక్రాంతికి మా ఊళ్ళల్లో ఆడే గుండాట అనే పాచికల పందెంలో ప్రతి ఆటా మళ్ళీ మొదటికే వస్తుంది, వెనక ఏం పడిందో తెలిసినా లాభం లేదు. బ్లాక్‌జాక్ అలా కాదు. పడిపోయిన ముక్క, మళ్ళీ పేక కలిపేదాకా రాదు. పెద్ద ముక్కలు ఎక్కువ మిగిలితే ఆడేవాడికి మేలు, చిన్నవి మిగిలితే డీలర్‌కి మేలు. ఎడ్వర్డ్ థార్ప్ అనే గణిత అధ్యాపకుడు అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఉండగా ఐబీఎం 704 కంప్యూటర్ మీద ఈ సంగతి లెక్క కట్టి, 1961లో గణితవేత్తల సభలో చెప్పాడు. ఇప్పుడు కొత్తవాళ్ళు నేర్చుకునే హై-లో పద్ధతిని 1963లో హార్వీ డబ్నర్ బయటపెట్టాడు.

డబ్బు సంగతి ముందే చెబుతాను. మన రాష్ట్రంలో 1974 నుంచి గేమింగ్ చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ పందాలనూ అందులోకి తెచ్చారు. కాసినో కావాలంటే గోవా లాంటి చోటికి పోవాలి. నాకు ఆ ఉద్దేశం లేదు. మా అరుగు మీద పందెం చింతపిక్కలే.

మొదట లెక్క జోలికి పోకూడదు. ముందు బేసిక్ స్ట్రాటజీ, అంటే మన చేతిలో పడ్డ ముక్కలకి, డీలర్ చూపించిన ముక్కకి ఏం చెయ్యాలో చెప్పే పట్టిక, నోటికి రావాలి. 1956లో నలుగురు అమెరికా సైనికులు బల్ల మీది కాలిక్యులేటర్లతో కూర్చుని దాన్ని కట్టారు. 11 వస్తే దాదాపు ఎప్పుడూ పందెం రెట్టింపు చెయ్యాలి. ఆసుల జత, ఎనిమిదుల జత రెండు చేతులుగా విడదీయాలి, పదుల జత ముట్టుకోకూడదు. 12 చేతిలో ఉండి డీలర్ 4, 5, 6 చూపిస్తే ఇంకో ముక్క అడక్కుండా ఆగిపోవాలి. అంబాజీపేట నుంచి అమలాపురం వచ్చే బస్సులో పట్టిక ఫోటో చూసుకుంటూ వల్లె వేశాను. ఆలోచించి చెప్పాల్సి వచ్చినంతకాలం లెక్కకి బుర్రలో చోటు ఉండదు. అందుకే ఇక్కడ తొందర పడొద్దంటాను.

హై-లో చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. 2 నుంచి 6 దాకా ఏది పడినా ఒకటి కలపాలి. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసెయ్యాలి. 7, 8, 9లకి ఏమీ లేదు. అంకె ప్లస్‌లో పెరిగిందంటే చిన్నవి పోయి పెద్దవి ఎక్కువ మిగిలాయన్నమాట. ఒక పేకలో కలిపేవి 20, తీసేసేవి 20, సున్నాలు 12. కాబట్టి పేక పూర్తయ్యేసరికి మనం సున్నా దగ్గరే ఉండాలి. లేకపోతే ఎక్కడో జారింది. తప్పొప్పులు పేకే చెప్పేస్తుంది, పక్కన గురువు అక్కర్లేదు.

ఒక్కో ముక్క తిప్పుతూ లెక్కపెడితే మాత్రం వేగం రాదు. జతలుగా చూడాలి. కళావరు రాజు పక్కన డైమండు ఐదు పడిందనుకోండి, ఆ రెండూ కొట్టేసుకుంటాయి, నోరు కూడా మెదపనక్కర్లేదు. రాణి, మూడు, ఆసు, ఆరు వరసగా పరిచి ఉంటే కంటికి నాలుగు ముక్కలు, మనసుకి సున్నా. ఇది పట్టుబడ్డాక రెండు చేతులతో ముక్కలు జారుస్తూ పోతే పేక అరనిమిషంలో అయిపోతుంది. కొత్తవాళ్ళు పెట్టుకోవాల్సిన గురి కూడా సుమారుగా అదే.

అసలు పరీక్ష సందడిలో. మా మావయ్యగారిది కొబ్బరికాయల వ్యాపారం, ధర వెయ్యి కాయల చొప్పున మాట్లాడతారు. కాయలు లెక్కపెట్టే మనిషి "లాభం, రెండు, మూడు" అంటూ చేతికి రెండేసి విసురుతుంటే, రాశి పక్కన అరుగు మీద పేక పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆయన నోట వచ్చే అంకెలు నేరుగా నా అంకెలోకి దూరేవి. మైనస్ నాలుగు మీద ఉండగా పక్కనుంచి "పద్దెనిమిది" అని వినపడితే నిలబడటం చాలా కష్టం. దానికి నాకు దొరికిన ఉపాయం, అంకెను మాటగా అనుకోకుండా వేళ్ళ కణుపుల మీద పెట్టుకోవడం. కుడిచెయ్యి ప్లస్, ఎడమచెయ్యి మైనస్. మావయ్యగారు చూసి, "ఏరా, జపం చేస్తున్నావా?" అన్నారు. తర్వాత ఆయనే పేక అందుకుని పంచడం మొదలుపెట్టారు. అంతకంటే మంచి డీలర్ నాకు దొరకడు, ముక్క పడేస్తూనే కొబ్బరి ధర అడుగుతారు.

ఆ తర్వాతి మెట్టు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. కాసినోలో తరచుగా ఆరేసి పేకలు, అంటే 312 ముక్కలు కలిపి ఆడతారు. మన అంకె ప్లస్ 6 అయితే, ఇంకా మూడు పేకలు మిగిలి ఉన్నప్పుడు దాని బలం 2, ఒకే పేక మిగిలితే 6. మన అంకెను మిగిలిన పేకలతో భాగిస్తే వచ్చేదే ట్రూ కౌంట్. ఈ భాగహారం తేలికే. ఎన్ని పేకలు మిగిలాయో ఆడేసిన ముక్కల దొంతర ఎత్తు చూసి చెప్పగలగడమే కష్టం. ఆరు పేకలు కొని, ఒకటి, ఒకటిన్నర, రెండు ఇలా దొంతరలు పేర్చి, పక్కనుంచి చూసి చెప్పడం సాధన చేశాను. అరపేక తేడా కంటికి తెలియాలి.

ఇంత చేసినా ఒరిగేది ఎంత? ట్రూ కౌంట్ ఒకటి పెరిగితే ఆడేవాడి వైపు సుమారు అరశాతం మొగ్గు. బేసిక్ స్ట్రాటజీతో ఆడినా మొదట కాసినోకే సుమారు అరశాతం ఉంటుంది కాబట్టి, ప్లస్ 1 దగ్గర సమానమవుతాం. ఇంత సన్నటి మొగ్గుతో రోజుల తరబడి ఓడిపోవడం కూడా మామూలే. మొదటి రెండు ముక్కలే ఆసు, పది విలువ ముక్క (పది, జాకీ, రాణి, రాజు) అయితే దాన్నీ బ్లాక్‌జాక్ అంటారు; దానికి 2 పందేనికి 3 బదులు 5 పందేనికి 6 ఇచ్చే బల్ల దగ్గర ఈ మొగ్గు మొత్తం పోతుంది. ఆడిన ముక్కల్ని ఎప్పటికప్పుడు కలిపేసే యంత్రం ఉన్నచోట లెక్కకే అర్థం లేదు. ఇది సంపాదన మార్గమని ఎవరైనా చెబితే నమ్మకండి. నాకిది లెక్కల్లోకెల్లా అందమైన లెక్క, అందుకే నేర్చుకున్నాను.

డీలర్ ఆసు చూపించినప్పుడు విడిగా కాసే ఇన్సూరెన్స్ పందెం లెక్కని మా క్లాసు పిల్లల చేత కూడా చేయించాను. డీలర్ ఆసు చూపించాడు. కింద పది విలువ ముక్క ఉంటే పందేనికి రెండింతలు వస్తుంది. అంటే మిగిలిన వాటిలో పదులు మూడో వంతు దాటాలి. ఒకే పేక అనుకుంటే 51లో 16, చాలదు. మూడు చిన్న ముక్కలు పోతే 48లో 16, సరిగ్గా మూడో వంతు. ఇంకొకటి పోతే 47లో 16, మొగ్గు మనవైపు. "అయితే ఇప్పుడు కౌంట్ ఎంత?" అని అడిగితే క్లాసంతా ప్లస్ 4 అంది. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "ఆసు కూడా పడింది కదండీ సార్, దానికి ఒకటి తియ్యాలి" అంది. ప్లస్ 3. మిగిలింది కాస్త తక్కువగా ఒక పేక. ఇన్సూరెన్స్‌కి హై-లో వాళ్ళు పెట్టుకున్న గీత ట్రూ కౌంట్ ప్లస్ 3 అని అప్పుడు చెప్పాను.