ఖాళీ గోడల రోజులు

మా పెద్దనాన్నకి నా ఉద్యోగం ఇప్పటికీ మింగుడు పడలేదు. సెలవు మీద వచ్చినప్పుడల్లా విశాఖ కంచరపాలెంలో మా అరుగు మీద కూర్చుని వీధి వీధంతా వినేలా అడుగుతాడు: "ఏటమ్మా, గోడకి మేకులు కొట్టడానికి అంత దూరం ఎల్లాలా?" మేకులు కొట్టం పెద్దనాన్నా, స్క్రూలు బిగిస్తాం అంటే, అదేదో ఇంకా తక్కువ పనన్నట్టు మొహం పెడతాడు.

ఉత్తర ఇంగ్లండులో ఓ ఊరి నగరపాలక సంస్థ నడిపే ఆర్ట్ గ్యాలరీలో నేను టెక్నీషియన్ని. అంటే మన విశాఖ కార్పొరేషన్, అదే జీవీఎంసీ వాళ్లు బొమ్మల కోసం ఓ భవనం కట్టి, ఏడాదంతా మనుషుల్ని పెట్టి నడిపితే ఎలా ఉంటుందో అలాంటిది. ప్రవేశం ఉచితం. నేనక్కడ ఉండగలగడం మాత్రం మా ఆయన చలవే. ఆయన ఆస్పత్రిలో నర్సు, నేను ఆయన వీసా మీద ఉన్నాను. స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా ఉండాల్సిన జీతం 2024 ఏప్రిల్‌లో ఏడాదికి 38,700 పౌండ్లయింది, 2025 జులైలో 41,700 అయింది. నిచ్చెనెక్కే మాలాంటి వాళ్ల జీతం ఆ దరిదాపుల్లో ఉండదు.

గ్యాలరీలో ఏడాదంటే చూడ్డానికొచ్చేవాళ్లకి ఫలానా నెల్లో ఫలానా ప్రదర్శన. మా లెక్క వేరు. ఒక ప్రదర్శన దిగాక ఇంకొకటి ఎక్కే లోపు తలుపులు మూసి ఉంచే ఆ రెండు మూడు వారాల చుట్టూనే మా ఏడాది తిరుగుతుంది. జనవరిలో మొదటిది వస్తుంది. పాతవి దింపుతాం, గోడల చిల్లులు పూడ్చి ఉప్పుకాగితం పడతాం, రంగు వేస్తాం. రంగు సాయంత్రానికే ఆరినట్టుంటుంది కానీ దాన్నుంచి వచ్చే వాయువులు బొమ్మలకి పడవు, అందుకని గాలాడనిచ్చి కొన్ని రోజులు వదిలేయాలి. ఈలోగా లారీలో పెట్టెలు దిగుతాయి. వాటినీ వెంటనే విప్పకూడదు, ఒక రోజంతా అలా ఉంచాలి. బయటి చలిలోంచి వచ్చిన కాన్వాసు గది వెచ్చదనానికి మెల్లగా అలవాటు పడాలి కదా. బరువు పెట్టెలు లేపేటప్పుడు నా నోట్లోంచి "ఐలెస్సా" తన్నుకొస్తుంది. పోర్టు కళాసీల మధ్య పెరిగినదాన్ని, ఏం చెయ్యను. ఇప్పుడు మా జట్టులో తెల్లవాళ్లూ అదే అంటారు, అడ్డంగా పలుకుతారనుకోండి.

విప్పాక టార్చి పక్కవాటంగా పట్టి బొమ్మని అంగుళం అంగుళం చూస్తాం. ఎదురుగా చూస్తే నున్నగా కనిపించే ఆకాశంలో, ఏటవాలు వెలుతురు పడేసరికి రంగు పొర పైకి లేచినచోటల్లా చిన్న చిన్న నీడలు తేలతాయి. ఒక్కొక్కటీ రాసి, ఫోటో తీసి, బొమ్మతో వచ్చిన మనిషి చేత సంతకం పెట్టించాలి. ఇదంతా జరిగే రోజుల్లో చూసేవాళ్లు లేరు, దుకాణంలో అమ్మకం లేదు, కరెంటు బిల్లు మాత్రం మామూలే. ఆ ఖర్చు భరించేది ఊరివాళ్లు కట్టే పన్ను.

వసంతంలో నీటిరంగుల ప్రదర్శన ఉంటే మాకు తిట్లు ఖాయం. కాగితం మీద వేసినవాటికి 50 లక్సుల (లక్సంటే వెలుతురు కొలత) వెలుతురు దాటనివ్వం, నూనెరంగులకైతే 200 దాకా పరవాలేదు. కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చిన పెద్దవాళ్లు, కరెంటు పొదుపు చేస్తున్నారా అని అడుగుతారు. వెలుతురుకి వెలిసిన రంగు తిరిగి రాదండీ, మూడు నాలుగు నెలలు గోడ మీద ఉన్న ఈ బొమ్మ తర్వాత ఏళ్ల తరబడి చీకటి సొరుగులో ఉంటుంది అని చెప్పాక కొంచెం మెత్తబడతారు.

వేసవిలో ఊరివాళ్లెవరైనా బొమ్మ పంపగలిగే ప్రదర్శన పెడతాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఫ్రేములు కింద నుంచి పైదాకా ఒకదాన్నొకటి ఆనుకుని కిక్కిరిసిపోతాయి. రిటైరైన బస్సు డ్రైవరు తను వేసిన పూలకుండీ పక్కన మనవల్ని నిలబెట్టి ఫోటోలు తీసుకుంటుంటే, ఆ వంకర ఫ్రేముని సరిచేయడానికి నేను పడిన పాట్లు మర్చిపోతాను. ఆగస్టంతా పిల్లల సెలవులు. జిగురు, రంగుకాగితాలు, నేల తుడుపు.

వేసవిలోనే అక్కడ దక్షిణాసియా వారసత్వ మాసం. ఏడాదంతా డ్రిల్లు పట్టుకున్న మనిషిగా కనిపించే నేను ఆ నెల్లో హఠాత్తుగా సలహాదారునైపోతాను. చీర కట్టడం చూపిస్తావా, రంగోలీ వేస్తావా అని అడుగుతారు. జీతం పెంచే ఊసు మాత్రం ఉండదు. కానీ ఒక ఏడాది ఆ మాసం కోసం వేరే మ్యూజియం నుంచి ఓ పెట్టె తెచ్చారు, మన ఊళ్లో చేసిన దంతపు పెట్టె. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు కంపెనీ దొరల కోసం దంతం పొదిగిన కుర్చీలు, బల్లలు, పెట్టెలు చేసేవారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ అలాంటివి ఉన్నాయి. ఇంత దగ్గరగా చూడ్డం నాకు అదే మొదలు. గంధపు చెక్క మీద పల్చటి దంతపు రేకులు, వాటి మీద సూదిమొనతో గీసినట్టు తీగలు, గీతల్లో నల్ల లక్క. మూత ఎత్తగానే గంధం వాసన ఇంకా వచ్చింది.

దంతానికి తేమ ఎక్కువైనా కష్టమే, తగ్గినా కష్టమే. వంకర పోతుంది, పగులుతుంది. గాజు కేసు అడుగున సిలికా జెల్ పోసి తేమని 50 శాతం దగ్గర నిలబెట్టాం. వానాకాలంలో 80 దాటడం మామూలైన ఊళ్లో చేసిన పెట్టె అది. చీటీ మీద చేసినవాళ్ల పేరు తెలియదని ఉంది. షిప్‌యార్డులో కార్పెంటరుగా రిటైరైన మా నాన్నకి ఫోటో పంపితే దంతం సంగతే ఎత్తలేదు. "మూలల్లో అతుకులు ఎలా వేశారో చూశావా?" అన్నాడు. తిప్పి చూద్దామంటే పెట్టెతో వచ్చినావిడ ఒప్పుకోలేదు.

సెప్టెంబరులో హెరిటేజ్ ఓపెన్ డేస్ అప్పుడు గోదాము తలుపులు తీసి బొమ్మల అరలు జనానికి చూపిస్తాం. ఆ తర్వాత ఏడాదిలోకెల్లా పెద్ద ప్రదర్శన, దాంతోనే క్రిస్మస్ వస్తుంది.

ఈసారి విశాఖలో ఉండగా, ఆంధ్రా యూనివర్సిటీలో నాతో చదివిన స్నేహితుడి చిత్ర ప్రదర్శన పడింది. హాలు మూడు రోజులకి అద్దె. పొద్దున్న పదింటికి ముఖ్య అతిథి, ఏడింటికి ఆటోలో బొమ్మలు. ఇద్దరం నైలాను తాడు కత్తిరించుకుంటూ, ప్రతి బొమ్మ నడిమధ్యా నేల నుంచి 150 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేలా కొలుచుకుంటూ కట్టాం. సగం అయ్యేసరికి అతిథి రానే వచ్చాడు, మిగతావి గోడకి ఆనించి ఆయనకి దండ వేశాం. చుట్టూ చూస్తే బొమ్మలు మంచివి. మనకి చిత్రకారులకేం కొదవ లేదు. 91 మీటర్ల జలాంతర్గామిని ఒడ్డుకెక్కించి 2002లో మ్యూజియం చేసిన ఊరు మనది. కుర్సురాని అంత కష్టపడి లాగినవాళ్లకి, నాలుగు గోడల్ని రెండు వారాలు ఖాళీగా ఉంచడం ఓ లెక్కా?

వెళ్లేముందు హాలు మేనేజరుతో మాట్లాడాను. ఈసారి ఎవరైనా బుక్ చేసుకుంటే ముందు రోజే తాళం ఇవ్వండి, బొమ్మలు తీరిగ్గా కట్టుకుంటారు, ఎలాగూ ఆ రోజు ఖాళీయే కదా అన్నాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"తప్పకుండా మేడమ్," అన్నాడు, "ఆ రోజుకి కూడా అద్దె కట్టేస్తే సరి."